ఊడిరాని మంచం

ప్రియమైన మేస్త్రీ గారికి,

నడుము నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గలేదు. జీపు ముందు సీట్ల మీద అడ్డంగా పడుకుంటే గేరు రాడ్డు సరిగ్గా పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. అటు తిరిగితే స్టీరింగు, ఇటు తిరిగితే తలుపు పిడి. నాలుగు కొండ క్యాంపులకి కలిపి ఒక్క నర్సుని, ఒక్క జీపుని ఇచ్చారు. పడుకోవడానికి గది మాత్రం రెండు చోట్లే ఇచ్చారు. ఆ రెంటిలో ఒకదాని కప్పు మొన్నటి వానకి నాకంటే ముందే నేల మీద పడుకుంది. పై ఆఫీసుకి మూడుసార్లు రాశాను. "పరిశీలనలో ఉంది" అని జవాబిచ్చారు. ఆ పరిశీలన మీద దుప్పటి పరుచుకోమంటారు కాబోలు.

అందుకని మీకు పని చెబుతున్నాను. యాభై మంది కూర్చునే బస్సులకి బాడీలు కట్టే మనిషి, పెళ్ళాం ఒక్కతి నడుము వాల్చడానికి నాలుగు చెక్కలు కొట్టలేరా? జీపులో వెనక సీట్లు ఎప్పుడో తీసేశారు. ఖాళీ ఆరడుగుల రెండంగుళాల పొడవు, నాలుగడుగుల వెడల్పు. చక్రాల గూళ్ళ దగ్గర మాత్రం మూడడుగుల నాలుగంగుళాలే. మంచం నేలకి అడుగున్నర ఎత్తులో ఉంటే కింద మందుల పెట్టెలు పడతాయి.

ఇప్పుడు అసలు మాట. మంచం ఊడిరావాలి. ఎవరి సాయం లేకుండా, పానా లేకుండా, నా రెండు చేతులతో, రెండు నిమిషాల్లో. జీపు నేల మీద స్ట్రెచర్ జారే పట్టాలు ఉన్నాయి. ఇక్కడ చెట్టు మీంచి పడ్డా, క్వారీలో రాయి దొర్లినా, కాన్పు అడ్డం తిరిగినా, మనిషిని కిందికి దింపేది ఈ బండే. సరుకుల లారీ వచ్చి పోయేదే తప్ప ఇంకో బండి లేదు. ఇది నా పడకగది అయ్యేది పని లేనప్పుడు మాత్రమే. ఈ ఒక్కటి మరిచిపోకండి.

జీపు సర్వీసుకి వచ్చే సోమవారం కిందికి వస్తోంది. క్యాంపు స్టోరు చూసే బాబాయి నడుపుకొస్తాడు. మీ షెడ్డులో నాలుగు రోజులు ఉంటుంది. నేను రాలేను, ఇక్కడ పిల్లలకి టీకాలు వెయ్యాలి.

ఉంటాను,
మీ నర్సు

*

ప్రియమైన నర్సమ్మకి,

జీపు వచ్చింది. నువ్వు రాలేదు.

ఐదు నెలలైంది నీ మొహం చూసి. కొండ మీద ఫోను పలకదు, పలికినా నువ్వు పలకవు. బండిని పంపించి మనిషి ఆగిపోవడం నీకే చెల్లింది. స్టోరు బాబాయికి అన్నం పెట్టి, నీ కబుర్లు ఆయన్ని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. సన్నబడ్డావట. దారిలో మేకని తప్పించబోయి గట్టు ఎక్కించావట. ఇవి నాకు రాయడానికి నీ పెన్నులో సిరా అయిపోయిందా?

సరే, మంచం సంగతి. మూడు ముక్కలుగా చేస్తున్నాను. ఒకటే పలక అయితే నువ్వు ఎత్తలేవు. ముప్పావంగుళం ప్లైవుడ్డు, కింద టేకు చట్రం. మధ్య ముక్కకి బందులు పెడతాను, ఎత్తితే కింద పెట్టెలు అందుతాయి. సీట్లు బిగించిన పాత రంధ్రాలు నేలలో ఆరు ఉన్నాయి. వాటిలోకి ఆరు బోల్టులు. పైన చెవుల నట్లు, చేత్తో తిప్పితే చాలు. అంచులన్నీ చిత్రిక పట్టి గుండ్రంగా చేస్తాను, మోకాలికి తగిలినా గీసుకోదు.

ఒకటి అర్థం కాలేదు. వచ్చే నెలతో కొండ మీద నీ మూడేళ్ళ గడువు అయిపోతుంది కదా. నెల రోజుల పడక కోసం ఇంత హడావిడి దేనికి? జవాబు రాయి. బాబాయి చేత నోటి మాట పంపకు.

నీ,
మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీ గారికి,

గట్టు ఎక్కించింది నేను కాదు, బ్రేకు. బాబాయికి కథలు ఎక్కువ.

గడువు గురించి అడిగారు. చూద్దాం, వాళ్ళేమంటారో. ఇంకా ఏమీ తేలలేదు. తేలితే మీకే కదా ముందు చెబుతాను.

మంచం లెక్క బాగుంది. బండి శుక్రవారానికి పైకి రావాలి. టీకాల పెట్టె బరువుగా ఉంది, ఉత్తరం పొట్టిగా రాస్తున్నానని తిట్టుకోకండి.

ఉంటాను,
మీ నర్సు

*

గౌరవనీయులైన నర్సు గారికి,

మీ బండి తయారైంది. సర్వీసు కాగితం మీద ముద్ర కోసం నేనే మీ పై ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మీ గురించి మంచి మాటలు చెప్పాడు.

మంచం గట్టిగా కుదిరింది. ఎంత గతుకుల్లో వెళ్ళినా కదలదు, చప్పుడు చెయ్యదు. మీరు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అందులో హాయిగా పడుకోవచ్చు.

ఈ కాగితం డాష్‌బోర్డు అరలో పెడుతున్నాను.

ఇట్లు,
వడ్రంగి

*

మేస్త్రీ,

పన్నెండేళ్ళలో మొదటిసారి నిన్ను నువ్వు అంటున్నాను. మర్యాద ఇచ్చే ఓపిక లేదు. ఎవరైనా ఈ ఉత్తరం చదివి మొగుణ్ణి ఇలా రాస్తుందేమిటి అనుకుంటే అనుకోనీ.

మంగళవారం మధ్యాహ్నం క్వారీలో బండరాయి దొర్లి ఒకాయన కాలి మీద పడింది. సుత్తి అంటారు ఆయన్ని అందరూ. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని సగం, నోరు ఆగదని సగం. నేను వెళ్ళేసరికి ఆ నోరు ఆగిపోయి ఉంది. చీలమండ కింద పాదం పాదంలా లేదు. రక్తం ఆపాను, కట్టు కట్టాను, స్ట్రెచర్ మీదికి ఎక్కించాను. వెనక తలుపు తీశాను. మంచం దింపుదామని చెవుల నట్లకోసం తడిమాను.

చెవులు లేవు. నట్లే లేవు. పైన నున్నగా చెక్క, అంతే. శుక్రవారం దాని మీద దుప్పటి పరిచి పడుకున్నాను, నీ పని కదా అని దింపి చూసుకోలేదు.

కింద దూరి చూశాను. ఆరు బోల్టులూ పైనుంచి చెక్కలోకి దించి, తలలు పూడ్చి, బండి పొట్ట కిందనుంచి నట్లు బిగించావు. ఒక్కో దానికి రెండేసి నట్లు. ఒకటి వదులైనా రెండోది పట్టుకుని ఉండేలా. పైగా బురద పట్టకుండా రేకు కొట్టావు. ఎంత శ్రద్ధ!

మంచం మీదే పడుకోబెట్టొచ్చు కదా అని నీ నోటిదాకా వస్తుంది. పడుకోబెట్టాను. స్ట్రెచర్‌కి అక్కడ పట్టు లేదు, పైన నేను వంగడానికి కూడా చోటు లేదు. క్వారీ గుమాస్తా బండి నడిపాడు. రెండో మలుపులో స్ట్రెచర్ జారి ఆయన కాలు తలుపుకి కొట్టుకుంది. ఆ అరుపు నువ్వు వినాల్సింది. షెడ్డులో నీ రంపాలన్నీ ఒకేసారి ఆగిపోయేవి. కట్టు ఊడింది. రక్తం మళ్ళీ మొదలైంది. బండి ఆపించాను.

పానాల పెట్టె ఎక్కడుందో తెలుసా? ముందు సీటు వెనక గుంటలో. అంటే నీ మంచం కింద. నువ్వు కదలకుండా బిగించిన ముక్క కింద. చివరికి వెంట వచ్చిన ఇద్దరు మనుషులు క్వారీకి పరుగెత్తి గొడ్డలి తెచ్చి, నీ టేకు చట్రాన్ని, గుండ్రంగా చిత్రిక పట్టిన నీ అంచుల్ని ముక్కలు ముక్కలుగా నరికారు. నేను ఒక చేత్తో ఆయన తొడ నొక్కి పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలు అని రాశాను నీకు. అక్షరాలు అర్థం కాలేదా?

నీకు చేతకాక అలా బిగించలేదని నాకు తెలుసు. నీ పని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఎందుకు చేశావు? ఒక్క మాటలో చెప్పు. గతుకులకి చప్పుడు వస్తుందని అన్నావంటే ఆ ఉత్తరం చింపేస్తాను.

నర్సు

*

ప్రియమైన నర్సమ్మకి,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. మళ్ళీ కూర్చుని చదివాను. ఆయన ఎలా ఉన్నాడో నువ్వు రాయలేదు. ముందు అది రాయి.

ఒక్క మాటలో చెప్పమన్నావు. ఒక్క మాటకి లొంగేది కాదు.

ఆ రోజు నీ ఆఫీసులో గుమాస్తా అన్నాడు కదా, "మీ ఆవిడ గొప్ప మనిషండీ. ఎవరూ ఉండని చోట ఇంకో రెండేళ్ళు ఉంటానని తనే అడిగి సంతకం పెట్టారు. మీరు కూడా ఒప్పుకున్నారంటే మెచ్చుకోవాలి." ఫైలు తిప్పి చూపించాడు. నీ సంతకం. దాని కింద తేదీ. నువ్వు "ఇంకా ఏమీ తేలలేదు" అని నాకు రాసిన రోజుకి పదహారు రోజుల ముందుది.

ఆయన ముందు నవ్వాను. "అవునండీ, ఇద్దరం అనుకునే చేశాం" అన్నాను. ఆ నవ్వు మొహం మీంచి దిగడానికి షెడ్డు దాకా పట్టింది.

వచ్చేసరికి మంచం దాదాపు పూర్తయింది. చెవుల నట్లు ఆరూ నా అరచేతిలో ఉన్నాయి. వాటిని డబ్బాలో పడేశాను. అక్కడే కాపురం ఉంటానంటోంది కదా, శాశ్వతంగానే కట్టి ఇద్దాం అనుకున్నాను. అబద్ధం చెప్పను, బిగిస్తున్నంత సేపూ హాయిగా ఉంది. ఒక్కో నట్టూ నీకు చెప్పలేని ఒక్కో మాటలా బిగించాను. నువ్వు మంచం దింపబోయి, దిగక, విసుక్కుని నాకు ఉత్తరం రాస్తావనుకున్నాను. అప్పుడు అడుగుదాం అనుకున్నాను. నా కళ్ళ ముందు నువ్వూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు. స్ట్రెచర్ లేదు. పట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి, వాటిమీదే మోకాళ్ళు ఆనించి బిగించాను.

తప్పు నాదే. కానీ నాకు కోపం పోలేదు. రెండూ నిజమే. పదహారు రోజులు నువ్వు కలం పట్టుకుని నన్ను వెర్రివాణ్ణి చేశావు. నా పని అబద్ధమాడిందంటే, నీ చేతి రాత నేర్పింది.

ఆయన ఎలా ఉన్నాడు?

నీ,
మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీకి,

పాదం తీసేశారు. మన ఊరి పెద్దాసుపత్రి, రెండో అంతస్తు, పదకొండో మంచం. ప్రాణానికి భయం లేదు. పెళ్ళాం పక్కనే ఉంది.

"నీ చేతి రాత నేర్పింది" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం గోడకేసి కొట్టాను. నేను నీకు అబద్ధం రాశాను, దానికి నన్నెంతైనా తిట్టే హక్కు నీకుంది. ఆయన పాదం మీద నీకే హక్కూ లేదు. నా అబద్ధానికి రక్తం కారలేదు. ఆ రెంటినీ ఒకే తక్కెట్లో వెయ్యకు.

నా సంగతి కూడా చెబుతాను, ఇక దాచి ఏం లాభం. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు నువ్వు పనికెళ్ళాక ఇల్లు తుడిచి, బట్టలు ఉతికి, పదకొండింటికి కిటికీ దగ్గర కూర్చున్నాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఐదో రోజు ఎదురింటి ముసలాయనకి కళ్ళు తిరిగి పడితే పరుగెత్తుకెళ్ళాను. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి పడిపోతే సంతోషించానని నామీద నాకే అసహ్యం వేసింది. ఇక్కడ జీపు చప్పుడు వినగానే జనం లేచి నిలబడతారు. అది వదిలి రాలేకపోయాను. అంతే. నీ మీద ఇష్టం లేక కాదు.

మరి చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వేమంటావో నాకు తెలుసు. "సరే" అంటావు. పన్నెండేళ్ళుగా దేనికైనా సరే అనే అన్నావు. అనేసి, రెండు రోజులు అన్నం తక్కువ తింటావు, షెడ్డు నుంచి ఆలస్యంగా వస్తావు. నోరు తెరిచి వద్దు అని ఒక్కసారి అనవు. ఆ "సరే" నా నెత్తిన పెట్టుకుని రెండేళ్ళు తిరగలేక, అసలు అడగడమే మానేశాను. నువ్వు నోటితో అనాల్సిన వద్దుని నట్లతో అన్నావు. అదే నా ఒళ్ళు మండిస్తోంది.

పై ఆఫీసరు విచారణకి వచ్చాడు. ఆలస్యం ఎందుకైంది, ప్రభుత్వ బండిలో మంచం ఎవరు బిగించారు అని అడిగాడు. నేనే అలా బిగించమన్నాను అని రాసిచ్చాను. నువ్వు నోరు విప్పకు. ఇది నీమీద దయ కాదు. మా ఆయన కోపంతో చేశాడని ఆ కాగితం మీద రాయడానికి నాకు సిగ్గేసింది.

మళ్ళీ మీరు అనబుద్ధి కావడం లేదు.

నర్సు

*

ప్రియమైన నీకు,

నోరు విప్పొద్దన్నావు. విప్పాను. ఎక్కడెక్కడ విప్పానో వరసగా చెబుతాను, మధ్యలో గోడకేసి కొట్టకు.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్ళాను. మెట్ల దగ్గర చాలా సేపు నిలబడ్డాను. పదకొండో మంచం దగ్గర ఆయన భార్య తడిగుడ్డతో ఆయన మెడ తుడుస్తోంది. ఎవరు అని అడిగింది. నర్సమ్మ మొగుణ్ణి అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. గబగబా స్టూలు జరిపి, "కూర్చో అన్నా, ఆవిడే లేకపోతే ఈయన దక్కేవాడు కాదు" అంది.

కూర్చోలేకపోయాను. "ఆ మంచానికి నట్లు బిగించింది నేనే. ఊడేలా చెయ్యమంటే ఊడకుండా చేశాను. మా ఆవిడ మీద కోపంతో కావాలనే చేశాను" అన్నాను.

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. సుత్తి కళ్ళు తెరిచాడు.

"ఓహో, నువ్వేనా ఆయన?" అన్నాడు.

నేను మీకెలా తెలుసని అడిగాను.

"దారి పొడుగునా నిన్నే తిట్టింది మీ ఆవిడ. నా కాలు నొక్కి పట్టుకుని తిడుతూనే ఉంది. నీ చేతుల్ని తిట్టింది, నీ పానాని తిట్టింది, నీకు వడ్రంగం నేర్పినవాణ్ణి కూడా వదల్లేదు. నాకు కళ్ళు మూతలు పడుతుంటే, తర్వాత ఏమంటుందో వినాలని తెరుచుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళు క్వారీలో పనిచేశాను, ఆవిడ తిట్లలో రెండు నాకే కొత్తవి."

నాకు తెలియకుండానే నవ్వొచ్చింది.

"నవ్వకు" అన్నాడు. "ఒక డాక్టరు రాయి పడ్డప్పుడే పాదం పోయిందంటాడు. ఇంకో డాక్టరు గంట ముందు తెస్తే మడమైనా మిగిలేదంటాడు. వాళ్ళకే తెలీదు. నాకు మాత్రం కోపం ఎవరో ఒకరి మీద పడాలి. బండరాయిని తిడితే అది వింటుందా? నీకు చెవులున్నాయి. నిన్నే తిడతాను."

"తిట్టు" అన్నాను.

తిట్టాడు. ఆ వార్డులో అందరూ విన్నారు. పక్క మంచం మనిషి లేచి కూర్చుని మరీ విన్నాడు. ఆయన ఆయాసపడి ఆగాక, ఆమె స్టూలు నా దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంది.

"నేను పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా పనికి పోవాలి. ఇన్నాళ్ళూ పక్కవాళ్ళని బతిమాలుకుని పోతున్నాను. రేపట్నుంచి నువ్వు ఉండు. ఈయన్ని మరుగుకి ఎత్తాలి, ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి. ఆదివారం ఒక్కటి రానక్కర్లేదు" అంది. నన్ను అడగలేదు. చెప్పింది.

తొమ్మిది రోజులుగా వెళ్తున్నాను. రోజూ తిడతాడు. నిన్న కాస్త తక్కువ తిట్టాడని భయమేసి వార్డు నర్సుని పిలిచాను, జ్వరం వచ్చి ఉంది. క్షమించానని ఆయన అనలేదు. అంటాడని నేను వెళ్ళడం లేదు.

ఇక నీ కాగితం సంగతి. కొండ మీంచి ఆసుపత్రి దాకా అరిచి చెప్పిన దాన్ని ఆఫీసరు ముందు ఎలా దాద్దామనుకున్నావు? క్వారీ గుమాస్తా విన్నాడు, గొడ్డలి తెచ్చిన ఇద్దరూ విన్నారు. ఆ అబద్ధం నాలుగు రోజులు నిలవదు. నేను ఆఫీసుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. కోపంతో అనే మాట కూడా రాశాను. నీకు సిగ్గేసిన చోట నేను సిగ్గుపడటమే సరైనది. నీకు మందలింపు ఉత్తరం ఒకటి వస్తుంది, అనుమతి లేకుండా బండిలో మార్పులు చేయించినందుకు. ప్రభుత్వ బళ్ళ పని ఇక మా షెడ్డుకి ఇవ్వరట. యజమాని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కానీ ఆఫీసరు ఒకటి అడిగాడు. "ఆవిడ ఎక్కడ పడుకుంటోంది మరి?" అని. మీ పరిశీలనలో పడుకుంటోందండీ అన్నాను. తల దించుకున్నాడు. ఊడివచ్చే మంచానికి అనుమతి కాగితం అప్పటికప్పుడే ఇచ్చాడు.

చేశాను. ముందు కాగితం మీద బొమ్మ గీసి సుత్తికి చూపించాను, చెవుల నట్లతో. ఒక్క చూపు చూసి, "నీకు బుద్ధి రాలేదు" అన్నాడు. "చేతులు వణికేటప్పుడు నట్టు తిప్పగలరా ఎవరైనా? ఆ రోజు ఆవిడ చేతులు నేను చూశాను. లాగితే వచ్చేది పెట్టు." నట్లు తీసేశాను. ప్రతి ముక్కకీ రెండు కొక్కేలు, ఒక లాగుడు పుల్ల. ముక్క ఎత్తి తలుపులోంచి బయటికి విసిరెయ్యడమే. షెడ్డులో జీపు కొలతకి చట్రం నిలబెట్టి, కళ్ళు మూసుకుని, తడి చేతులతో, ఎడమ చేత్తో, అన్ని రకాలుగా దింపి చూశాను. పానాల పెట్టె బయటికి మార్చి తలుపుకి బిగించడానికి పట్టీలు కూడా తెస్తున్నాను.

రెండేళ్ళ సంగతికి వస్తున్నాను. సరే అనను. నువ్వు అక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు. ఇంటికొచ్చి తాళం తీసినప్పుడల్లా ఇష్టం లేదు. ఇది నోటితో చెప్పాల్సిన మాట, అందుకే వచ్చి చెబుతాను. నువ్వూ చెప్పు, ఉంటానని, ఎందుకుంటావో. జనం లేచి నిలబడటం గురించి నా మొహం చూస్తూ చెప్పు. ఏం తేలుతుందో నాకు తెలీదు. నేనే కొండెక్కాల్సి వస్తుందో, నువ్వే ఒక ఏడాదికి తగ్గించుకుంటావో, ఇద్దరం ఇంకా గట్టిగా అరుచుకుంటామో. నన్ను "నువ్వు" అనడం మాత్రం మానకు. పన్నెండేళ్ళలో నాతో నేరుగా మాట్లాడినట్టు అనిపించింది ఈ రెండు ఉత్తరాల్లోనే.

శనివారం పదింటికి ఆసుపత్రి నుంచి బయటపడి, మంచంతో పాటు స్టోరు బాబాయి సరుకుల లారీ ఎక్కుతాను. సోమవారం పొద్దున ఆరింటికి మళ్ళీ సుత్తిని ఎత్తాలి, కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికల్లా కొండ దిగిపోవాలి. మనం పోట్లాడుకోవడానికి ఉన్నది ఒక్క సాయంత్రమూ, ఒక్క ఉదయమూ. టీకాలు, క్యాంపులు అని ఎటూ పోకు.

కోపంగానే ఉన్నాను. నువ్వూ ఉండు. వస్తున్నాను.

నీ,
మేస్త్రీ